‘నాకేం తెలుసు’ అన్నందుకు

జూన్ 9

అత్తా,

నా మీద మోపిన నేరం ఇది: యాభై దాటిన, నెమ్మదస్తురాలైన, ఎవరి జోలికీ వెళ్ళని ఒక స్త్రీని నేను చెడగొట్టాను. ఫిర్యాది నీ తమ్ముడు, అంటే మా నాన్న. ఫిర్యాదు నిన్న సాయంత్రం ఫోన్లో దాఖలైంది. "అంతేగా మరి, అంతేగా" అని వెనకనుంచి సాక్ష్యం చెప్పింది మా అమ్మ. నిందితురాలు నోరు తెరిచేలోపు నాన్న ఫోన్ పెట్టేశాడు. అందుచేత నా వాదన కాగితం మీద పెడుతున్నాను. అదీ నీకే రాస్తున్నాను. చెడిపోయిందంటున్న మనిషివి నువ్వే కనుక, చెడిపోయావో లేదో తేల్చవలసిందీ నువ్వే.

ముందుగా, నేను కాదనని సంగతులు. పెద్దవాళ్ళ కోసం సాయంత్రాలు నడిపే ఆ గ్రీకు తత్వశాస్త్రం తరగతిలో నీ పేరు రాయించింది నేనే. పోయిన సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, కింద ల్యాబ్ మూసేశాక నువ్వు మేడ మీద టీవీ పెట్టుకుని, దాని వంక చూడకుండా, చేతిలో మైనం ముక్కను పిసుకుతూ కూర్చోవడం గమనించాను. ఈమె చేతులు పొద్దున్నించీ కట్టుడు పళ్ళు చేస్తూనే ఉన్నాయి, మరి బుర్ర ఎప్పుడు పని చేస్తుంది అనుకున్నాను. అలా అనుకోవడం పొగరే కావచ్చు. పొగరు నేరం కాదు.

ఇక నేరం జరిగిన తీరు. నాన్న చెప్పిన ప్రకారం, పెద్ద క్లినిక్ డాక్టరుగారు మనింటికి భోజనానికి వచ్చారు. తమ క్లినిక్‌లో చేయించే పళ్ళ సెట్ల పనంతా మన ల్యాబ్‌కే అప్పగించాలని ఆయన ఉద్దేశం. "మాకు మంచి సెట్లు కావాలండీ, త్వరగా కావాలి" అన్నారు. నువ్వు గరిటె పక్కన పెట్టి, "మంచివంటే ఏమిటండీ" అన్నావు. నోటికి సరిపోయేవని ఆయన. సరిపోయి, నమలడానికి పనికిరాకపోతే మంచివేనా అని నువ్వు. నమలడానికీ పనికిరావాలని ఆయన. బాగా నమిలి, నవ్వినప్పుడు ఎదుటివాళ్ళు జడుసుకునేలా ఉంటేనో అని నువ్వు. అక్కడితో ఆయన నవ్వడం మానేశారట. ఇంకో రెండు ప్రశ్నలయ్యాక చేయి కడుక్కుని లేచారట.

నా సమాధానం సూటిగా ఉంటుంది. తనకు ఏం కావాలో తనకే తెలియని మనిషిని, "ఏం కావాలండీ" అని అడగడం మర్యాద తప్పడం కాదు. మీ తరగతిలో చెబుతున్న ఆ చెప్పుల్లేని ముసలాయన మీద, అంటే వీధిలో కనపడ్డవాడినల్లా ఆపి ప్రశ్నలడిగి చివరికి విషం తాగవలసి వచ్చిన ఆయన మీద, కుర్రవాళ్ళను చెడగొట్టాడని నేరం మోపారు. ఇక్కడ కుర్రది పెద్దావిడను చెడగొట్టిందంటున్నారు. ఇన్ని వేల ఏళ్ళలో నేరం దిశ మారింది తప్ప, మోపేవాళ్ళ తర్కం ఏమీ మెరుగుపడలేదు.

ఒక్క సలహా. ఐదు ప్రశ్నలు ఎక్కువ. రెండు అడిగి ఊరుకో. మూడోది అడగబోతావన్న భయంతో ప్రత్యర్థి తనంతట తనే తడబడతాడు. చర్చాపోటీల్లో నాకు ఇది ఎన్నోసార్లు పనికొచ్చింది.

ఇట్లు,
నిర్దోషి అయిన నీ మేనకోడలు


జూన్ 17

మా లాయరమ్మకి అత్త దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి నవ్వుకోవడానికి, ఒకసారి ఆలోచించుకోవడానికి. ఇకనుంచి నేనూ కాగితం మీదే రాస్తాను. ఫోన్లో అయితే నా వాక్యం సగంలో ఉండగానే నువ్వు గెలిచేస్తావు.

తరగతి ఎలా ఉందో అడగనే లేదు నువ్వు. చెబుతా విను. అది పిల్లల బడి. సాయంత్రం మాకిస్తారు. బెంచీలు చిన్నవి, నా మోకాళ్ళు బల్ల కింద పట్టవు, అందుకని పక్కకి తిరిగి కూర్చుంటాను. గోడల నిండా గుణింతాలు. మేము పన్నెండు పదమూడుమందిమి వస్తాం. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన నా పక్కన కూర్చుంటాడు. మాస్టారు పుస్తకం తేరు. జేబులో ఒక సుద్దముక్క వేసుకొస్తారు, అదీ చాలాసార్లు బయటికి తియ్యరు.

మొన్న ఆయన అడిగారు: "ఖాళీ బస్సులో ఒక్కడు ఎక్కితే బస్సు నిండినట్టా?"

"కాదు" అన్నాం.

"ఇంకొకడు ఎక్కితే?"

"కాదు."

"మరి ఒక్క మనిషి తేడాతో ఎప్పుడూ నిండనప్పుడు, బస్సు ఎప్పటికీ నిండదన్నమాట."

డ్రైవరుగారు లేచి, "మాస్టారూ, తమరెప్పుడైనా సాయంత్రం ఆరింటికి నా బస్సు ఎక్కారా?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. మాస్టారూ నవ్వారు. నవ్వడం అయిపోయాక, "సరే, మరి ఎన్నోవాడితో నిండింది?" అని మళ్ళీ అడిగారు. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ అదే ఆలోచన. వీధి దాటేటప్పుడు ఒకడు హారన్ కొట్టి తిట్టాడు కూడా.

ఇక ఆ భోజనం సంగతి. నువ్వు "ప్రత్యర్థి" అని రాశావు. ఆయన నాకు ప్రత్యర్థి కాడే, ఆకలేసి మనింటికొచ్చిన మనిషి. ఆయన తడబడేలా చెయ్యాలని నేను అడగలేదు. మంచి సెట్టు అంటే ఏమిటో చెప్పమంటే నాకూ నోటికి రాదు. ఆయనకేమైనా తెలుసేమో, తెలిస్తే నేర్చుకుందాం అనుకున్నా. అది ఆయనకి అర్థం కాలేదు, మీ నాన్నకీ అర్థం కాలేదు. నీకూ కాలేదని నీ సలహా చూశాక తెలిసింది.

నిన్న మీ నాన్న ల్యాబ్‌లో అడిగాడు, "అక్కా, ఆ క్లినిక్ పని ఒప్పుకుందామా, వద్దా?" అని. నాకేం తెలుసు అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ ముభావంగా ఉన్నాడు, ఎందుకో మరి. వాడు నన్ను అడిగేది నా అభిప్రాయం కోసం కాదులే, తన అభిప్రాయానికి తోడు కోసం. చిన్నప్పట్నించీ అంతే. ఇది నీకూ నాకూ మధ్య.

వేళకి తింటున్నావా? పోయినసారి ఫొటోలో నీ మెడ ఎముకలు కనిపించాయి.

ఇంతకీ నాకేం తెలుసు.

ఉంటాను,
అత్త


జూన్ 24

అత్తా,

తింటున్నాను. మెడ ఎముకలు వంశపారంపర్యం, నాన్న మెడ చూడు.

నీ ఉత్తరంలో రెండు చోట్ల వచ్చిన ఒక మాట మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. ‘నాకేం తెలుసు.’ నాన్న అడిగినప్పుడు అదే అన్నావు, నాకు ఉత్తరం ముగిస్తూ అదే రాశావు. ఆ మాటను నేను ఎరుగుదును. మనింట్లో ఆడవాళ్ళు తరతరాలుగా వాడిన మాట అది. అడిగినా వినరని తెలిసినవాళ్ళు, విన్నా లెక్కపెట్టరని తెలిసినవాళ్ళు, తమకు తామే తలుపు వేసుకునే చప్పుడు అది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ల్యాబ్‌లో ప్రతి దవడా నీ చేతుల మీదుగా వెళ్ళింది. పై దవడకూ కింది దవడకూ పళ్ళు సరిగ్గా కలవకపోతే వేలితో తడిమి చెప్పగల మనిషివి. అలాంటి నువ్వు, అంత పెద్ద పని ఒప్పుకోవాలా వద్దా అన్న ప్రశ్న ముందు ఓడిపోయినదానిలా చేతులెత్తేస్తే, తత్వశాస్త్రం చదివి ప్రయోజనం ఏమిటి?

అయితే నేను నిన్ను తప్పుపట్టడం లేదు. నిన్ను ఆ మాట అనేలా చేసినవారిని తప్పుపడుతున్నాను. కాబట్టి నాన్నకు మూడు పేజీల ఉత్తరం రాశాను. అక్క చేతులు కావాలి గానీ అక్క నోరు అక్కర్లేదా అని అడిగాను. ఆధారం లేకుండా ఆరోపణ చెయ్యడం నా పద్ధతి కాదు గనుక, నీ ఉత్తరంలోని వాక్యం యథాతథంగా ఎత్తి రాశాను: "వాడు నన్ను అడిగేది నా అభిప్రాయం కోసం కాదులే, తన అభిప్రాయానికి తోడు కోసం." దీనికన్నా పదునైన వాక్యం నేనే రాయలేను. ఈ కుటుంబంలో అసలైన వక్తవు నువ్వే. అది నీకు తెలియకపోవడమే విచారకరం.

శుక్రవారం చర్చాపోటీలో ‘ఓర్పు సుగుణం కాదు’ అన్న పక్షాన మాట్లాడి గెలిచాను. అవతలి పక్షంవాడు పాపం చాలా ఓపికగా ఓడిపోయాడు. ఆ వేదిక మీద నిలబడి ఉన్నంతసేపూ నిన్నే తలుచుకున్నాను.

నీ తరఫున నిలబడ్డ,
మేనకోడలు


జూలై 2

లాయరమ్మకి,

ఉత్తరం అందింది. మీ నాన్నకి రాసిందీ అందింది.

మధ్యాహ్నం పని ఆపి ముగ్గురం ల్యాబ్‌లోనే కూర్చున్నాం. వాడు కవరు చింపి, పిల్ల ఏదో రాసిందని సంతోషంగా పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ నవ్వుతూనే చదివాడు. రెండో పేజీలో గొంతు తగ్గించాడు. నా వాక్యం దగ్గరికొచ్చేసరికి ఆగి, మనసులో చదువుకుని, కాగితాలు మడిచి ప్లాస్టర్ డబ్బా మూత కింద పెట్టాడు. "అక్కా, నా గురించి పిల్లకి ఇవా రాసేది" అన్నాడు. అంతే. అరిచినా బాగుండేది.

నేనేమన్నా అంటే ఏమవుతుందోనని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆలోచించేసరికి వాడు చక్రం ఆన్ చేసి పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడతాం.

ఇప్పుడు మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుంటాం. మధ్యలో మీ అమ్మ. "వదినా, పై దవడ అచ్చు ఎండిందా అని అడుగుతున్నారు" అంటుంది. "ఎండిందని చెప్పు" అంటాను. "ఎండిందటండీ" అంటుంది. వాడికి వినపడదా, నాకు వినపడదా. నిన్న మీ అమ్మ విసుగెత్తి, "నేను వంట చూసుకోవాలి, మీ దవడలు మీరే చూసుకోండి" అని లోపలికి పోయింది. గంట తర్వాత మళ్ళీ వచ్చి మధ్యలో కూర్చుంది.

క్లినిక్ పని వాడే ఒప్పేసుకున్నాడు. నాతో చెప్పలేదు, మీ అమ్మ చెప్పింది. వచ్చే నెలనించి వాళ్ళ పద్ధతిలో చెయ్యాలట. మేము ముందు మైనంలో పళ్ళు పెట్టి, ఆ మనిషి నోట్లో పెట్టి చూసి, ఎక్కడ నొక్కుతుందో కనుక్కుని, అప్పుడు అసలు సెట్టు చేస్తాం కదా. ఆ మైనం మెట్టు వాళ్ళకి వద్దట. కంప్యూటర్ కొలతలు పంపుతారు, నేరుగా చేసి ఇచ్చెయ్యడమే.

ఇది విని ఎదురు వీధి ల్యాబ్ ఆయన కబురు పెట్టాడు, తన దగ్గర ఒక బల్ల ఖాళీగా ఉంది, రమ్మని. ఈ నెల మూడో ఆదివారం లోపు చెప్పమన్నాడు. మీ అమ్మ చేత ఆ మాట మీ నాన్నకి చెప్పించాను. "ఆవిడిష్టం" అన్నాడట.

తరగతిలో మాస్టారు చెప్పారు, ఆ రోజుల్లో రెండు రకాలవాళ్ళు ఉండేవాళ్ళట. ఒక రకం వాళ్ళు ఫీజు పుచ్చుకుని, ఏ పక్షాన నిలబడ్డా గెలవడం ఎలాగో నేర్పేవాళ్ళు. రెండో రకం ఆ చెప్పుల్లేని ఆయన. ఆయన ఏమీ నేర్పేవాడు కాదు, అడిగేవాడు. మొదటి రకం గురించి చెబుతుంటే నువ్వు గుర్తొచ్చావు. గుర్తు రావడం తప్పు కాదు కదా.

అత్త


జూలై 7

అత్తా,

నా మీద రెండో నేరారోపణ వచ్చింది, దానికి సమాధానం చెబుతాను.

నాతో మాత్రమే అన్న మాటను మరొకరి చేతిలో పెట్టాను. ఇది నిజం. ఇది సరికాదు. దీని మీద నేను వాదించను. వాదించకపోవడం నాకు అలవాటు లేని పని కనుక ఈ నాలుగు వాక్యాలను ఎక్కువ విలువతో స్వీకరించు.

కానీ నన్ను ఫీజు పుచ్చుకుని గెలిచేవాళ్ళ జాబితాలో పడేసి చేతులు దులుపుకుంటే ఊరుకోను. మొదటిది, నేను ఫీజు పుచ్చుకోవడం లేదు, కడుతున్నాను. రెండోది, ఆ ముసలాయన అడిగేవాడని చెబుతున్నావు. నువ్వు ఎవరిని అడిగావు? డాక్టరుగారిని అడిగావు, ఆయన లేచి వెళ్ళిపోయారు. నీ తమ్ముడు లేచి వెళ్ళిపోతే మాత్రం, "ఎందుకో మరి" అని నాకు ఉత్తరం రాశావు. వాడిని ఆపి, "ఎందుకు లేచావురా" అని అడగలేదు. వందల మైళ్ళ దూరంలో ఉన్న నాతో పంచుకున్న ఆ ఆశ్చర్యం, రెండు గజాల దూరంలో కూర్చున్న మనిషితో ఎందుకు పంచుకోలేదు? క్లాసులో మాత్రమే ప్రశ్న అడగగలిగితే, అది తత్వశాస్త్రం కాదు, సాయంకాలపు కాలక్షేపం.

అందువల్ల అడ్డుప్రశ్నలు మొదలుపెడుతున్నాను. నాన్న క్లినిక్ గురించి అడిగిన రోజు నువ్వు ‘నాకేం తెలుసు’ అన్నావు. అది ఓటమి అయినా అయి ఉండాలి, అలక అయినా అయి ఉండాలి. ఓడిపోయావా, అలిగావా? రెంటిలో ఒకటి ఒప్పుకో. తప్పించుకోవద్దు.

మేనకోడలు

వాడిని "వాడు" అన్నానని నాన్నకు చెప్పకు. వాదనలో ఒరవడి అది.


జూలై 12

కోడలు పిల్లకి,

రెండూ కాదు.

నువ్వు అడిగిన తీరు బాగాలేదు గానీ అడగడం మంచిదైంది. ఇంతవరకు ఇది నన్ను ఎవరూ అడగలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా మాస్టారికి ఒక పద్ధతి ఉంది. ఆయన ప్రశ్న వెయ్యగానే ఎవరైనా టక్కున జవాబు చెప్పబోతే ఆపుతారు. ముందు, "నాకు ఏం తెలుసు?" అని పైకి అనమంటారు. అని, ఈ సంగతిలో నిజంగా తెలిసినవేవో, తెలుసనుకుంటున్నవేవో, అసలు తెలియనివేవో విడదీసుకుని అప్పుడు చెప్పమంటారు. మొదట్లో నవ్వొచ్చేది. డ్రైవరుగారైతే ప్రతిసారీ కండక్టరు టిక్కెట్లడిగే గొంతుతో అనేవాడు. నెల తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. నాకు మరీను. పని చేసుకుంటూ కూడా అనుకుంటున్నా. ఈ కింది దవడ ఎందుకు ఊగుతోంది? నాకు ఏం తెలుసు? అని.

ఆ రోజు చేతిలో ఒక అచ్చు ఉంది. స్పిరిట్ దీపం వెలుగుతోంది. మీ నాన్న తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, "అక్కా, ఒప్పుకుందామా, వద్దా?" అన్నాడు. వాడి గొంతులో ఎప్పటి హడావిడి లేదు. నిజంగానే అడిగాడు. ఆ మాట నీకు ముందే రాయాల్సింది, తోడు కోసం అడుగుతాడని రాశాను. నేను మాస్టారు నేర్పినట్టే, "నాకేం తెలుసు" అన్నాను. అచ్చు కింద పెట్టాను. దీపం ఆర్పాను. చేతులు తుడుచుకున్నాను. ఎందుకంటే అది తీరిగ్గా కూర్చుని చెప్పాల్సిన జవాబు. తెలిసినది ఇది: మైనం మెట్టులో నేను చాలా సెట్లు సరిచేస్తాను. తెలియనిది ఇది: కంప్యూటర్ కొలతతో వచ్చేవాటికి ఆ సరిచెయ్యడం అవసరమో కాదో. నేను ఎప్పుడూ చెయ్యలేదు, ఎలా చెబుతాను? అందుకని ముందు రెండు సెట్లు వాళ్ళ పద్ధతిలో చేద్దాం, పెట్టుకున్నవాళ్ళని ఇద్దరం వెళ్ళి అడుగుదాం, అప్పుడు తేల్చుకుందాం అని చెబుదామనుకున్నా. ఇదంతా మనసులో పేర్చుకుని తలెత్తేసరికి కుర్చీ ఖాళీ.

ఇన్నాళ్ళూ వాడు ఎందుకు లేచాడో నాకు తట్టలేదు. నీ ఉత్తరంలో ఓటమి, అలక అని చదివాక తట్టింది. ‘నాకు ఏం తెలుసు’ అని విడదీసి అంటే అది ప్రశ్న. ‘నాకేం తెలుసు’ అని కలిపేస్తే కసురుకున్నట్టు. తరగతిలో విడదీసే అంటాం. ఇంట్లో నోరు తిరిగినట్టు కలిపేశాను. నీకు రాసిన ఉత్తరం చివర కూడా ఆ ప్రశ్నే రాశాను. ప్రశ్న గుర్తు పెట్టడం మర్చిపోయాను. నువ్వు దాన్ని పట్టుకుని ఏకంగా తరతరాల ఆడవాళ్ళ దాకా వెళ్ళావు.

ఇప్పుడిక అర్థమైంది కదా అని నువ్వు మళ్ళీ మీ నాన్నకి రాయకు. నేనూ చెప్పను. అడిగినవాడు జవాబు వినే దాకా కూర్చోవాలి. లేచి వెళ్ళిపోయినవాడి వెంటపడి, "ఒరేయ్, నేను విసుక్కోలేదురా, తత్వశాస్త్రం మాట్లాడాను" అని చెప్పుకోనా? నాకూ ఒక వయసుంది. ఎదురు వీధి ల్యాబ్‌కి మొన్న వెళ్ళి చూసొచ్చాను. కిటికీ పక్కన బల్ల, వెలుతురు బాగుంది. ఆదివారం వస్తానని చెప్పేస్తాను.

ఈ వారం తరగతి కొంచెం ముందే అయిపోయింది. అయినా ఇంటికి నెమ్మదిగా నడిచి వచ్చాను.

అత్త


జూలై 16

ఇది మీ అమ్మాయి, మీ మేనకోడలు రాసిన ఉత్తరం. సంతకం ఇక్కడే, మొదట్లోనే పెట్టేస్తున్నాను. చివర పెడితే అది కనపడగానే అయిపోయిందనుకుని లేచే మనుషులు ఆ ఇంట్లో ఉన్నారు.

అమ్మా, దీన్ని శనివారం రాత్రి భోజనాలయ్యాక, ముగ్గురూ బల్ల దగ్గర ఉండగా నువ్వు చదువు. నాన్న చేతికివ్వకు, రెండో పేజీలో ఆపేస్తాడు. అత్త చేతికివ్వకు, మనసులో చదువుకుని మడిచి పెట్టుకుంటుంది. నీ గొంతులో ఎవరి పక్షమూ వినపడదు, అందుకని నువ్వు.

నాన్నా, అత్తా,

నేను అత్తను చెడగొట్టానన్న మొదటి నేరాన్ని తోసిపుచ్చుతున్నాను. అత్త మాటను నాన్నకు అందించి ఇల్లు చెడగొట్టానన్న రెండో నేరాన్ని అంగీకరించాను. ఇప్పుడు మూడోది ఒకటుంది. దాన్ని మోపుతున్నది నేను, నిందితులం నలుగురమూ. ఒక మనిషి ఒక మాట అంది. అన్న మనిషిని ఆ మాటకు అర్థమేమిటని అడగకుండా, నేనూ నాన్నా చెరో అర్థం రాసుకుని తీర్పు చెప్పేశాం; అన్న మనిషీ, పక్కనున్న మనిషీ దాన్ని సరిదిద్దలేదు.

నా సంగతి ముందు. నేను ఆ మాటలో ఓటమిని చదివాను. ఎందుకంటే ఓటమి మీద నా దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. మాట దొరకగానే ఉపన్యాసం మొదలుపెట్టాను. అత్త నన్ను ఏ రకంవాళ్ళలో చేర్చిందో ఇక్కడ చెప్పను. ఆ వర్గీకరణ మీద అప్పీలు చేసుకోవాలనుకున్నాను, కారణాలు దొరకలేదు.

నాన్నా, నీ సంగతి. సోమవారం నీకు ఫోన్ చేసి అడిగాను, ఆ రోజు ఎందుకు లేచావని. చాలాసేపు వాతావరణం గురించి చెప్పావు. తర్వాత అన్నావు: "క్లాసులో చేరాక అక్కకి మన పని చిన్నదైపోయిందమ్మా. అక్కా ఏం చేద్దాం అంటే, నాకేం తెలుసు అని దీపం ఆర్పేసింది. పొమ్మన్నట్టే కదా." దీపం ఆర్పడం చూశావు, ఎందుకు ఆర్పిందో వినలేదు. నీకు జవాబు చెప్పడానికి ఆర్పింది, నాన్నా. చేతులు తుడుచుకుని, నీ వైపు తిరిగి కూర్చోవడానికి ఆర్పింది. తమ పని చిన్నదైపోయినవాళ్ళు, ఆ పని గురించి అడిగిన ప్రశ్నకు అంత పెద్ద ఏర్పాట్లు చేసుకోరు. ఆ తరగతిలో జవాబుకు ముందు తమను తాము వేసుకునే ప్రశ్న అది: నాకు, ఏం, తెలుసు. అమ్మా, విడదీసి చదివావు కదా? ఇంకోసారి చదువు.

అత్తా, ఈ సంగతి నాన్నకు చెప్పవద్దని నువ్వు రాశావు. చెప్పేశాను. ఒక మాట బయటపెట్టి ఇల్లు చెడగొట్టాను. ఒక మాట దాచిపెట్టి అదే ఇల్లు చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం, దానికన్నా గౌరవప్రదమని నువ్వు నన్ను ఒప్పించలేవు. కావాలంటే దీనికి శిక్ష వెయ్యి. కానీ ముందు నా అభియోగానికి సమాధానం చెప్పు. అడిగినవాడు కూర్చోవాలి, వెంటపడి చెప్పనన్నావు. మీ ముసలాయన దగ్గర్నించి రోజూ ఎవరో ఒకరు విసుక్కుని లేచి వెళ్ళిపోయేవారు. మర్నాడు ఆయన మళ్ళీ అదే వీధిలో, మళ్ళీ వాళ్ళనే ఆపేవాడు. తన వయసెంతో ఎవరికీ గుర్తు చెయ్యలేదు. నువ్వు ఆయన దగ్గర నేర్చుకున్నదానిలో సగమే ఇంటికి తెచ్చావు. నీకూ నీ తమ్ముడికీ మధ్య ఉన్నది ఒక్క బల్ల. దాని మీదుగా ఒక్క వాక్యం చెప్పడానికి పౌరుషం అడ్డొస్తే, ఆ కిటికీ పక్కన వెలుతురు ఎంత బాగున్నా, అక్కడ కూర్చుని నువ్వు చేసేది పళ్ళ పని ఒక్కటే.

అమ్మా, నువ్వు సాక్షివని తప్పించుకోకు. "ఎండిందట" అని ఇటునించి అటు మోశావు. మోసేటప్పుడు ఎప్పుడైనా, ఇద్దరిలో ఒక్కరితోనైనా, ఇది నేను చెప్పను, నువ్వే చెప్పు అన్నావా? వంటకి వెళ్ళి గంటలో తిరిగొచ్చావు. తిరిగి రాకుండా ఉండవలసింది.

ఇక, ఈ బల్ల చుట్టూ కూర్చున్న మీ అందరి ముందూ నా డిమాండ్ పెడుతున్నాను. ఇది విన్నపం కాదు.

నాన్నా, రేపు ఆదివారం. నువ్వు అక్కను క్లినిక్ గురించి మళ్ళీ అడగవద్దు. ఆ ప్రశ్న ఆగుతుంది, ఆమె దగ్గర దానికి ఒక దారి కూడా ఉంది, తర్వాత వింటావు. ఇప్పుడు అడగవలసింది వేరు. "అక్కా, నాకు నువ్వు కావాలి, ఉంటావా?" అని అడుగు. "ఆవిడిష్టం" అన్న మాట ప్రశ్న కాదు, దాన్ని చలామణి కానివ్వను. అమ్మ చేత అడిగించవద్దు. ఉండనని అనవచ్చు ఆమె, అనే హక్కు ఆమెకుంది. ఆ భయంతోనే ఇన్ని రోజులు అడగలేదు నువ్వు, నాకు తెలుసు. అయినా అడుగు. అడిగాక, ఆమె ఎంతసేపు మాట్లాడకపోయినా, అద్దాలు తీసి తుడుచుకున్నా, లైటు ఆర్పినా, జవాబు పూర్తయ్యేదాకా ఆ కుర్చీలోంచి కదలకు.

అత్తా, నాన్న అడిగినప్పుడు తలెత్తి, నాన్న మొహం చూస్తూ జవాబు చెప్పు. అవునో కాదో నీ ఇష్టం, కానీ వినపడేలా చెప్పు.

అమ్మ ఇప్పుడు ఈ కాగితం మడుస్తుంది. నాన్నా, ఆ చప్పుడు ఆగగానే అడుగు.